సాల్మన్ దారికి అడ్డుగా ఉన్న మా పెరటి ఆనకట్టను తీయించడం: నా అనుభవం

వాషింగ్టన్ రాష్ట్రంలోని స్నోహోమిష్ కౌంటీలో, పిల్చక్ నదిలో కలిసే ఒక చిన్న వాగు మా ఐదెకరాల స్థలం గుండా పారుతుంది. ఆ వాగుకు అడ్డంగా 1960లలో అప్పటి యజమానులు కట్టుకున్న కాంక్రీటు గోడను తీయించి, కోహో సాల్మన్ చేపలు మళ్లీ ఎగువకు వెళ్లే దారి తెరవడానికి మాకు 2019 నవంబరు నుంచి 2024 సెప్టెంబరు దాకా పట్టింది. గోడను పగలగొట్టడానికి రెండు రోజులు చాలాయి. మిగిలిన కాలం ఎక్కడెక్కడ గడిచిపోతుందో, చేతి నుంచి ఎంత పడుతుందో ముందే ఎవరైనా చెప్పి ఉంటే మేము మరికొంత నిబ్బరంగా ఉండేవాళ్లం. సియాటిల్ చుట్టుపక్కల వాగుల ఒడ్డున ఇళ్లు కొంటున్న తెలుగువాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. వాళ్లలో ఎవరికైనా పనికొస్తుందని వరసగా రాస్తున్నాను.

ఈ ఇంటిని 2019 వేసవిలో మేము కొన్నదే ఆ గోడ వెనుక నిలిచిన కుంటను చూసి. దాదాపు మూడోవంతు ఎకరం నీళ్లు, చుట్టూ సీడర్ చెట్లు, ఒడ్డున ఒక చెక్క బల్ల. ధవళేశ్వరం నుంచి వచ్చి ఆ ఏడు డిసెంబరు దాకా మా దగ్గరే ఉన్న మామయ్యగారు పొద్దుటి కాఫీ ఆ బల్ల మీదే తాగేవారు. నవంబరులో మొదటి పెద్ద వానలు పడ్డాక గోడ కింద నీటిలో పెద్దగా చప్పుడు వినిపించి అందరం వెళ్లి చూశాం. మోచేతి పొడవు చేపలు, ఒళ్లు ఎర్రబడి, మగవాటి పై దవడ కొక్కెంలా వంగి, పైనుంచి పడుతున్న ధారకు ఎదురుగా ఎగురుతున్నాయి. గోడ ఎత్తు ఆరడుగులు. కింద లోతైన మడుగు ఉంటే బలమైన కోహో ఆ ఎత్తు దాటగలదు. కానీ మా గోడ అడుగున కాంక్రీటు పలక పరిచి ఉంది. దాని మీద జానెడు నీళ్లే పారుతాయి. ఎగిరిన ప్రతి చేపా గోడకు ముక్కు కొట్టుకుని ఆ పలక మీద పడేది, కొంచెంసేపు పక్కకు ఒరిగి ఉండి మళ్లీ లేచేది. రెండో రోజుకే వాటి ముక్కుల మీద చర్మం లేచిపోయి లోపలి తెలుపు కనిపించింది.

రాష్ట్ర ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖకు ఫోన్ చేస్తే వారంలోపే ఒక జీవశాస్త్రవేత్త వచ్చారు. అప్పటికే కొన్ని చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. ఆమె ఒక ఆడచేప పొట్ట కోసి చూపించారు. నారింజ రంగు గుడ్లు ఒక్కటి కూడా బయటపడకుండా పొట్ట నిండా అలాగే ఉన్నాయి. మూడేళ్ల బతుకు, అందులో ఏడాదిన్నర సముద్రంలో, అంతా ఈ గుడ్లను మంచి గులకరాళ్ల మధ్య పెట్టడానికేనని ఆమె అన్నప్పుడు నాకు నోట మాట రాలేదు. మామయ్యగారు మాత్రం చాలాసేపు ఆలోచించి ఒక మాట అన్నారు: "గోదారిలో పులసా ఇంతే కదమ్మా. ఎర్రనీరు రాగానే ఎదురీదుకుంటూ వస్తుంది, మా ఊరి ఆనకట్ట దగ్గర ఆగిపోతుంది. అక్కడ ఆనకట్ట తీసెయ్యమని ఎవరూ అనరు, డెల్టా మొత్తం దాని మీద బతుకుతోంది. ఈ గోడ మీద బతికేవాళ్లు ఎవరు?" ఆ ప్రశ్నకు మా ఇంట్లో ఎవరి దగ్గరా జవాబు లేదు. గోడ తీయించాలనే నిర్ణయం ఆ సాయంత్రమే జరిగింది, అదీ ఆ కుంటను అందరికంటే ఎక్కువ ఇష్టపడిన మనిషి నోటి నుంచి.

శాఖ వారి అధికారిక కొలత 2020 మార్చిలో జరగవలసింది, కోవిడ్ వల్ల జూలైకి జరిగింది. ఇద్దరు మనుషులు కొలబద్దతో వచ్చి గోడకు పైనా కిందా నీటిమట్టం తేడా చూశారు. ఆ తేడా 0.24 మీటరు దాటితేనే చేపకు అడ్డంకిగా లెక్క రాస్తారు. మాది దానికి ఎన్నో రెట్లు. తరువాత వాగు వెంట ఎగువకు నడిచి, మా గోడకు పైన రెండు మైళ్ల దాకా చేపలకు పనికొచ్చే వాగు ఉందనీ, ఆ తరువాత కౌంటీ రోడ్డు కింద ఒక ఇరుకు కల్వర్టు ఉందనీ రాసుకున్నారు. ఎగువన మరో అడ్డంకి ఉంటే గ్రాంటు పోటీలో మన పనికి వచ్చే మార్కులు తగ్గుతాయన్న సంగతి అప్పుడే తెలిసింది. అదే వేసవిలో పిల్చక్ నది మీద దాదాపు వందేళ్లుగా ఉన్న మళ్లింపు ఆనకట్టను స్నోహోమిష్ నగరమూ ఇక్కడి ఆదివాసులైన టులేలిప్ తెగలూ కలిసి తొలగించి, 37 మైళ్ల నదిని చేపలకు తెరిచాయి. మా వాగు దానికి దిగువన కలుస్తుంది గనుక మాకు నేరుగా ఒరిగిందేమీ లేకపోయినా, ఇది జరిగే పనే అన్న ధైర్యం మాత్రం వచ్చింది.

డబ్బు సంగతి. రాష్ట్రంలో సాల్మన్ రికవరీ ఫండింగ్ బోర్డు ఏటా గ్రాంట్లు ఇస్తుంది. మాలాంటి ఇంటివాళ్లు సొంతంగా తిరగడం కష్టమని, స్థానికంగా పనిచేసే ఒక లాభాపేక్ష లేని సంఘం మా తరఫున దరఖాస్తు పెట్టింది. వసంతంలో దరఖాస్తు, ఆ తరువాత నిపుణుల బృందం స్థలం చూడటానికి రావడం, సెప్టెంబరులో ఫలితం. 2021లో మా పేరు ప్రత్యామ్నాయాల జాబితాలో ఆగిపోయింది. గోడ వెనుక ఎంత బురద పేరుకుందో, అందులో ఏముందో చెప్పలేకపోయామన్నది వాళ్లు ఇచ్చిన కారణం. ఆ శీతాకాలం పడవలో కుంట అంతా తిరిగి ఇనుప ఊచ గుచ్చి బురద లోతు కొలిచారు; గోడ దగ్గర ఐదడుగులు ఉంది. నమూనాలు ప్రయోగశాలకు పంపారు. పురుగుమందులు, సీసం లాంటివి ఏవైనా ఉంటే ఆ బురదను లారీల్లో ప్రత్యేక స్థలానికి తరలించాలి, అప్పుడు ఖర్చు మా ఊహకు అందదు. ఫలితం కోసం ఎదురుచూసిన ఆరు వారాలు ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. బురద శుభ్రంగానే ఉందని తేలింది. 2022లో మళ్లీ పెట్టిన దరఖాస్తుకు ఆ సెప్టెంబరులో గ్రాంటు వచ్చింది.

గ్రాంటు వచ్చినా 15 శాతం వాటా మా వైపు నుంచి చూపవలసి వచ్చింది. అది మొత్తం నగదు కానక్కరలేదు. మొక్కలు నాటిన గంటలు, స్వచ్ఛందంగా పనిచేసిన వాళ్ల గంటలు లెక్కలోకి వస్తాయి. అందుకే మొదటి రోజు నుంచీ ఎవరు వచ్చినా పేరు, గంటలు రాసి సంతకం తీసుకోండి. డిజైనుతో సహా మొత్తం పని 2,50,000 డాలర్లు దాటింది. మా సొంత జేబు నుంచి పోయింది 18,000 డాలర్ల దాకా ఉంటుంది: నీటి హక్కు పత్రాలకూ ఒప్పందాలకూ లాయరు, బోరు పరీక్ష, కొత్త కంచె, యంత్రాలు తిరిగి పాడైన మా డ్రైవ్‌వేకు మరమ్మతు. పని ముగిశాక పదేళ్ల పాటు అక్కడ మళ్లీ ఏ అడ్డూ కట్టబోమని, పరిశీలకులను రానిస్తామని ఒక ఒప్పందం మీద సంతకం చేశాం. ఇల్లు అమ్మితే కొనేవాళ్లకు ఇది ముందే చెప్పాలి.

నీటి హక్కు అనేది ఉందనే మాకు తెలియదు. పాత యజమాని ఆ కుంట నుంచి తోట తడుపుకోవడానికి రాష్ట్రం దగ్గర హక్కు పొందారు. అది స్థలంతో పాటు మాకు వచ్చింది. గోడ పోతే ఆ హక్కును ఏం చేయాలన్నది తేలేదాకా డిజైను ముందుకు కదల్లేదు. చివరికి ఎకాలజీ శాఖ నడిపే ట్రస్ట్ వాటర్ రైట్స్ కార్యక్రమానికి దానంగా రాసిచ్చాం. ఆ నీళ్లు ఇక వాగులోనే పారతాయి, మరెవరూ వాటిని తమవిగా తీసుకోలేరు. ఈ మొత్తం ప్రయత్నంలో నాకు మనస్ఫూర్తిగా తృప్తి కలిగించిన సంతకం అదే.

బోరు గురించి మా పొరుగింటాయన భయం నిజమైనదే. కుంట ఎండితే తన బావిలో నీళ్లు దిగిపోతాయని ఆయన మొదటి సమావేశంలోనే లేచి చెప్పారు. కుంట అందం పోతుందని, ఇళ్ల ధరలు పడిపోతాయని, అగ్నిమాపక వాహనానికి నీళ్లు ఉండవని ఇంకొందరు అన్నారు. భూగర్భజల నిపుణుడు మా బోరులోనూ పొరుగాయన బోరులోనూ మట్టం కొలిచే సాధనాలు దించి ఏడాదిపాటు చూశారు. మా బోర్లు రెండూ కుంట అడుగుకంటే బాగా కింద ఉన్న మరో పొర నుంచి నీళ్లు తీసుకుంటున్నాయని తేలింది. నివేదిక చేతికిచ్చినా పొరుగాయన మాతో మాట్లాడటానికి చాలా నెలలు పట్టింది. ఎదురుపడినప్పుడు ఆయన తల తిప్పుకుని వెళ్లిపోతుంటే, ఏ పర్మిట్ ఆలస్యమూ పెట్టనంత బాధ కలిగేది.

2023 ఫిబ్రవరిలో పర్మిట్లకు దరఖాస్తు వెళ్లింది. జార్పా అనే ఒకే ఉమ్మడి ఫారం చాలా శాఖలకు పనికొస్తుంది, అది మంచి సదుపాయం. చేపల నివాసాన్ని బాగుచేసే పనులకు రాష్ట్ర చట్టంలో ఒక సులువైన మార్గం ఉంది. ఆ దారిలో వెళితే 45 రోజుల్లో రాష్ట్రం అనుమతి వస్తుంది, కౌంటీ పర్మిట్లూ ఫీజులూ ఉండవు. మాకు ఏప్రిల్ లోపలే వచ్చేసింది. ఆ సంతోషంలో ఆగస్టుకు పని అయిపోతుందనుకున్నాం. ఫెడరల్ అనుమతి దగ్గర బండి ఆగింది. మా ప్రాంతపు సముద్రపు పాయ అయిన పుగెట్ సౌండ్‌లోని చినూక్ సాల్మన్ 1999 నుంచి, స్టీల్‌హెడ్ చేపలు 2007 నుంచి ముప్పులో ఉన్న జాతుల జాబితాలో ఉన్నాయి గనుక వాటికి హాని జరగదని వేరే శాఖ ఒప్పుకోవాలి. దానికి తోడు, గోడ వయసు యాభై ఏళ్లు దాటింది కాబట్టి అది చారిత్రక కట్టడమేమో తేల్చాలి. బీటలు వారి, తుప్పు నీళ్లు కారుతున్న మా గోడను ఒక పురావస్తు నిపుణురాలు నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసి, చుట్టూ గోతులు తవ్వి చూసి, నివేదిక రాశారు. ఆ గోతుల అవసరం నాకు తరువాత అర్థమైంది: ఈ వాగుల ఒడ్డున టులేలిప్ వంటి తెగల పూర్వీకులు వేల ఏళ్లుగా చేపలు పట్టారు, యంత్రం దించే ముందు వాళ్లను అడగడం కనీస మర్యాద.

నీటిలో దిగి పని చేయడానికి మాకు అనుమతించిన కాలం జూలై మధ్య నుంచి సెప్టెంబరు చివరి వరకే. ఆ గడువు దాటితే చేపలు వస్తాయి. 2023 గడువు ఫెడరల్ ఉత్తరం రాకుండానే వెళ్లిపోయింది. ఆ వేసవి మాకు చాలా బరువుగా గడిచింది. అయితే ఖాళీగా కూర్చోకుండా కుంటకు పైనా కిందా నీటిలో ఉష్ణోగ్రత కొలిచే పరికరాలు పెట్టించాం. వేసవిలో సాల్మన్ ఉండే ముఖ్యమైన వాగులకు రాష్ట్రం పెట్టిన హద్దు 16 డిగ్రీల సెల్సియస్. ఆగస్టులో కుంటలోకి వచ్చే నీరు ఆ హద్దుకు లోపలే ఉంది. గోడ మీదుగా బయటికి పోయే నీరు 22 దాటింది. గోడ చేపలను ఆపడమే కాక కింద ఉన్న వాగునంతా వేడెక్కిస్తోందని అప్పుడు తెలిసింది. ఆ రెండు ఉష్ణోగ్రతల గీతలు ఉన్న కాగితం చూశాకే పొరుగాయన మళ్లీ మా గుమ్మంలోకి వచ్చారు.

అనుమతి ఉత్తరం 2024 జూన్‌లో వచ్చింది. జూలై చివరి వారంలో పని మొదలైంది. ముందు కుంటను ఖాళీ చేయాలి, అదీ రోజుకు కొన్ని అంగుళాల చొప్పున, బురద కదలకుండా. నీళ్లు తగ్గే కొద్దీ వలలతోనూ, వీపున మోసే విద్యుత్ పరికరంతోనూ చేపలను పట్టి బకెట్లలో వేశారు. ఎవరో ఎప్పుడో తెచ్చి వదిలిన బాస్ చేపలను వాగులోకి పోనివ్వలేదు. కట్‌త్రోట్ ట్రౌట్లను పైకి తీసుకెళ్లి వదిలారు. మేము ఊహించనిది లాంప్రే పిల్లలు. వేలి పొడవున, కళ్లు కూడా సరిగా ఏర్పడని, వానపాముల్లాంటి ఈ జీవులు ఏళ్ల తరబడి బురదలోనే పెరుగుతాయి. నీళ్లు దిగాక, ముఖ్యంగా రాత్రి పూట, ఆరుతున్న బురదలోంచి పైకి వస్తాయి. తలకు దీపాలు కట్టుకుని, బురద మీద చెక్కలు పరుచుకుని, వాటిని ఒక్కొక్కటిగా చేత్తో ఏరి తడి బకెట్లలో వేశాం. పట్టుకుంటే జారిపోతాయి, గట్టిగా పట్టకూడదు. మా పెద్దమ్మాయి ఆ రాత్రులు ఇంట్లోకి రానని మొండికేసింది.

వాగు నీటిని పక్కనుంచి లావుపాటి గొట్టంలోకి మళ్లించి, ఎక్స్‌కవేటర్‌కు బ్రేకర్ తగిలించి గోడను పగలగొట్టారు. దుమ్ము, చెవులు దిబ్బడేసే మోత, కుళ్లిన గుడ్ల వాసన. ఆ వాసన రెండు వారాలు ఇంట్లో కూడా నిలిచింది. కిటికీలు మూసుకుని వంట చేసుకున్నాం. బురదలో ఎక్కువ భాగం తవ్వి పైన ఎత్తు నేల మీద పోశారు. అది తీస్తుంటే కింద పాత వాగు బయటపడింది: అచ్చం చేపలు గుడ్లు పెట్టే గులకరాళ్లు, వాటి అంచున మనిషి ఎత్తు సీడర్ మొద్దులు. ఒక్కో మొద్దుకు అటూ ఇటూ చిన్న గంట్లు ఉన్నాయి. పూర్వం చెట్లు నరికేవాళ్లు ఆ గంట్లలో పలకలు దూర్చి, వాటి మీద నిలబడి రంపం లాగేవారట. ఆ మొద్దులను అలాగే ఉంచి, వేర్లతో సహా తెచ్చిన డగ్లస్ ఫర్ దుంగలను ప్రవాహానికి అడ్డంగానూ ఏటవాలుగానూ పాతిపెట్టారు. వాటి నీడన పిల్ల చేపలు దాక్కుంటాయి. సెప్టెంబరు మూడో వారంలో గొట్టం తీసి నీళ్లు వదిలారు. కుంట ఉన్నచోట నల్లని మట్టి పళ్లెం మిగిలింది. ఫోన్‌లో వీడియో చూసిన మామయ్యగారు, "బల్ల ఎక్కడ వేస్తావు?" అని మాత్రం అడిగారు. నాకు ఏడుపొచ్చింది. కుంటను ప్రేమించిన మాట వాస్తవం, దాన్ని తీసినందుకు దిగులు ఉండటమూ వాస్తవం. ఈ పని మొదలుపెట్టేవాళ్లు ఇంట్లో ఆ దిగులుకు చోటు ఇవ్వాలి.

తెలిసిన వాళ్లందరూ అడిగిన ప్రశ్న ఒకటే: పిల్ల చేపలను ఎప్పుడు తెచ్చి వదులుతారు? వదలరు. దిగువ వాగులో ఎప్పుడూ కొన్ని కోహోలు గుడ్లు పెడుతూనే ఉన్నాయి. దారి ఉంటే వాటిలో కొన్ని పైకి వస్తాయి. హేచరీలో, అంటే చేపల పెంపక కేంద్రంలో, పెంచిన పిల్లలను దించితే అక్కడి సహజమైన సంతతి పలచబడుతుందని సంఘం వారు మొదటే స్పష్టంగా చెప్పారు. నవంబరు 19 రాత్రి వచ్చిన పెనుగాలికి రోజుల తరబడి కరెంటు పోయింది, రెండు చెట్లు వాగులో పడ్డాయి. తీయించమంటారా అని అడిగితే, వాగుకు అవి బహుమానాలు, కదపొద్దన్నారు. ఆ తరువాత వారంలో పాత గోడ స్థలానికి ఎగువన ఒక ఆడచేప పక్కకు వాలి తోకతో గులకరాళ్లను చిమ్ముతూ కనిపించింది. ఆ గుంట చుట్టూ రాళ్లు కడిగినట్టు తెల్లగా మెరిశాయి. కొన్ని రోజులకు అది చచ్చి ఒడ్డుకు వచ్చాక సర్వే చేసేవాళ్లు చూసి, వీపు మీద తోకకు దగ్గరగా ఉండే చిన్న కొవ్వు రెక్క చెక్కుచెదరలేదని చూపించారు. హేచరీలో పెంచిన చేపలకు సాధారణంగా ఆ రెక్క కత్తిరిస్తారు. ఇది వాగులో పుట్టిన చేప. రెండోసారి లెక్కలోకి రాకుండా గుర్తుగా దాని తోక కోసి, కళేబరాన్ని అక్కడే వదిలేశారు. వాగులోని పురుగులకూ రేపటి పిల్లలకూ అదే ఆహారం. కుక్కలు ఉన్నవాళ్లు మాత్రం జాగ్రత్త: పచ్చి సాల్మన్ తింటే కుక్కలకు ప్రాణం తీసే జబ్బు రావచ్చు. మేము వాగు వైపు కంచె వేయించింది అందుకే.

2025 మార్చి చివరికి గులకరాళ్ల అంచున అంగుళం పొడవు పిల్లలు కనబడ్డాయి. ఆ శీతాకాలంలో నాటిన విల్లో కొమ్మలు దాదాపు అన్నీ చిగిర్చాయి. సీడర్ మొక్కలను జింకలు మేసేశాయి. గొట్టాలు తొడిగినవే బతికాయి. పాత కుంట మట్టిలో రీడ్ కెనరీ గడ్డి భుజాల ఎత్తున లేచి మొక్కలను కమ్మేసింది. గ్రాంటులో మొక్కల నిర్వహణకు వేరుగా డబ్బు అడిగి ఉంచుకోండి, ఎందుకంటే యంత్రం వెళ్లిపోయాక అసలు చాకిరీ ఇదే. తుది తనిఖీ సెప్టెంబరులో పూర్తయింది.

ఆ ఏడు నవంబరులో మా స్థలం దాటి ఎగువకు వెళ్లిన కోహోలు కౌంటీ రోడ్డు కల్వర్టు దాకా చేరాయి. గొట్టం ఇరుకు, నీటి వేగం ఎక్కువ. కొన్ని దాటాయి, కొన్ని దాని కింద మడుగులోనే గుడ్లు పెట్టాయి. ఆ ఫొటోలూ తేదీలూ జతచేసి కౌంటీకి ఉత్తరం రాశాం. ఆ కల్వర్టు మార్చవలసిన వాటి జాబితాలో ఉందనీ, ఏ ఏడాది చేస్తారన్నది ఇంకా నిర్ణయించలేదనీ జవాబు వచ్చింది. ఉత్తరం మీద రెండో సంతకం మా పొరుగాయనది.